మంచులో క్యాంపింగ్: గొడ్డలి కొనాలా, రంపం చాలా?

ప్రశ్న:
వచ్చే చలికాలంలో మంచు పేరుకునే అడవిలో రెండు రాత్రులు గడపాలని ముగ్గురం అనుకుంటున్నాం. రాత్రి మైనస్ 15 డిగ్రీల దాకా పడొచ్చు. మా దగ్గర వేసవి టెంట్, చిన్న మడత కత్తి ఉన్నాయి. గొడ్డలి తప్పనిసరి అని ఒకరు, రంపం చాలని ఇంకొకరు అంటున్నారు. మంచు గుట్టను తొలిచి అందులో పడుకుంటే టెంట్ మోయక్కర్లేదట, నిజమేనా?

జవాబు:
ముందు ఎక్కడ పడుకుంటారో తేల్చుకోండి, పనిముట్టు సంగతి దాన్నిబట్టి తేలుతుంది. పొయ్యి, పొగగొట్టం ఉన్న పెద్ద టెంట్ అయితే రాత్రంతా కట్టెలు కావాలి. దానికి పెద్ద రంపం, గొడ్డలి రెండూ ఉండాల్సిందే. మామూలు టెంట్‌లో మంచి స్లీపింగ్ బ్యాగుతో పడుకునేటట్లయితే గొడ్డలి ఉత్త బరువు.

మీకు మడత రంపం, మడత లేని గట్టి కత్తి చాలు. కత్తి ఉక్కు పిడి చివరిదాకా ఉండాలి. నిలబడే ఎండిపోయిన, మణికట్టు లావు చెట్టును చూసుకుని మూరెడు ముక్కలు కోయండి. ముక్కను నిలబెట్టి, కత్తి అంచును పైన ఆనించి, కత్తి వీపు (మొండి అంచు) మీద ఇంకో కర్రతో కొడితే నిలువునా చీలుతుంది. పైన తడిసినా లోపలి చెక్క పొడిగా ఉంటుంది, నిప్పు దానికే అంటుకుంటుంది. మీ మడత కత్తిని గ్లవ్స్‌తో తెరవడమే కష్టం.

గొడ్డలి తీసుకెళ్లే తీరతామంటే ఒక్క మాట. గట్టి చలిలో ఉక్కు పెళుసెక్కుతుంది, గడ్డకట్టిన కణుపు మీద వేటు పడితే అంచు పెచ్చులూడొచ్చు. వాడేముందు తొడుగుతో సహా కాసేపు కోటు లోపల పెట్టుకోండి. పొట్టి గొడ్డలైతే మోకాళ్ల మీద కూర్చుని కొట్టండి, గురి తప్పినా వేటు నేలకే తగులుతుంది.

మరొకరి జవాబు:
వేసవి టెంట్ వద్దండీ. జాలి గుడ్డలోంచి మంచుపొడి లోపలికొస్తుంది, పైన మంచు పేరుకుంటే సన్నటి కడ్డీలు వంగిపోతాయి. నాలుగు కాలాల టెంట్ (చలికాలపు మంచును కూడా తట్టుకునేది) అద్దెకు దొరికితే చూడండి. మామూలు మేకులు మంచులో ఆగవు. తాడును కర్రకు కట్టి, కర్రను అడ్డంగా పాతి, పైన మంచు తొక్కి అరగంట వదిలేయండి, బిగుసుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. మరి మంచు గుట్ట?

మొదటి జవాబు ఇచ్చినవారు:
టెంట్ దగ్గర పెట్టుకుని, పగటిపూట నేర్చుకోడానికి చేయండి. మంచు కుప్ప పోశాక కనీసం గంటన్నా, వీలైతే రెండు గంటలు గట్టిపడనివ్వాలి. 30 సెంటీమీటర్ల పుల్లలు పైనుంచి గుచ్చి, లోపల తొలిచేటప్పుడు పుల్ల మొన కనిపించగానే ఆగితే గోడ మందం సరిపోతుంది. ఒకరు తొలుస్తుంటే ఇంకొకరు పారతో బయటే ఉండాలి, కూలితే తీసేవాళ్లు కావాలి. తొలిచేవాళ్ల బట్టలు తడుస్తాయి, అందుకే మొదటిసారే దాన్ని నమ్ముకోవద్దంటున్నాను. గాలి కోసం కన్నం పెట్టండి, రాత్రి మంచు పడితే అది మూసుకుపోకుండా చూడండి. టెంట్‌లోగానీ గుట్టలోగానీ గ్యాస్ స్టవ్ మాత్రం వెలిగించకండి. దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. వంట బయటే.