పాప రెసిడెన్షియల్ స్కూల్లో ఇమడలేకపోతోంది, టీసీ తీసుకోవాలా?

పాప నాన్న:
అందరికీ నమస్కారం. సాయంత్రం నుంచి ఫోన్ పట్టుకునే కూర్చున్నాను. వార్డెన్ ఎత్తడం లేదు, ఆఫీసు నంబరు స్విచ్ఛాఫ్. పోయిన ఆదివారం చూడ్డానికి వెళ్తే పాప నా చొక్కా పట్టుకుని వదల్లేదు. "ఏం అర్థం కావట్లేదు నాన్నా, ఇంటికి తీసుకుపో" అని ఒకటే ఏడుపు. ఎఫ్‌ఏ-1లో, అంటే స్కూల్లో పెట్టే మొదటి పరీక్షల్లో, మూడు సబ్జెక్టులు పోయాయి. క్లాస్ టీచరేమో హోమ్ సిక్ అంతే, అలవాటైపోతుంది అంటున్నారు. ఇంట్లో వాళ్లమ్మ అన్నం ముట్టడం లేదు. టీసీ తీసుకోవాలా, ఇంకొన్నాళ్లు ఉంచాలా? మధ్యలో అడిగితే ఇస్తారా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

నల్లగొండ అన్న:
ఏ క్లాసు? ఏ మీడియం? గవర్నమెంటా, ప్రైవేటా? ఇవేవీ చెప్పకుండా సలహా ఎలా ఇస్తారు?

రిటైర్డ్ మాస్టారు:
బాబూ, పాపను చూస్తే జాలేస్తోంది. కానీ అసలు లోటు ఎక్కడుందో చెప్తాను. పి.వి. నరసింహారావు గారి చొరవతో 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం మొదలైంది. తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. ఆ పద్ధతిలో సార్లు పిల్లల మధ్యే కాపురం ఉండాలి. రాత్రి స్టడీలో పాఠం చెప్పిన మాస్టారే పక్కన కూర్చోవాలి, లెక్క రాకపోతే అక్కడే పలక మీద చేయించాలి. ఇప్పుడు స్టడీ అవర్ అంటే వార్డెన్ కుర్చీ వేసుకుని అల్లరి లేకుండా చూడటమే. నాలుగు మంచాలు వేసినవాళ్లందరూ గురుకులం అని బోర్డు పెడుతున్నారు. అది హాస్టల్, గురుకులం కాదు.

సంక్షేమ వార్డెన్:
మాస్టారూ, హాస్టల్ అంటే అంత తక్కువేం కాదండి. మా సంక్షేమ హాస్టల్లో పిల్లలు పక్కనున్న జెడ్పీ హైస్కూలుకి వెళ్తారు. బడికి హెడ్‌మాస్టరు, వసతికి నేను జవాబుదారీ. రెసిడెన్షియల్ స్కూలైతే రెండూ ప్రిన్సిపాల్‌ చేతిలోనే. ఆ తండ్రికి ఇప్పుడు కావాల్సింది ఎవరి దగ్గరికెళ్లి అడగాలో. వార్డెన్ ఫోన్ కోసం చూడకుండా పొద్దున్నే నేరుగా ప్రిన్సిపాల్‌ని కలవండి సార్.

పాప నాన్న:
సారీ అన్నా, కంగారులో రాయలేదు. ఆరో తరగతి. ప్రైవేటు రెసిడెన్షియల్, చిన్న స్కూలు, మొత్తం ఎనభై మంది కూడా ఉండరు. ఇంగ్లీష్ మీడియం, స్టేట్ సిలబస్. ఐదు దాకా మా ఊరి బడే. అక్కడ పుస్తకాలు రెండు భాషల్లో ఉండేవి కానీ సార్ అంతా తెలుగులోనే చెప్పేవారు. అక్కడ ఫస్ట్ వచ్చేది.

నల్లగొండ అన్న:
ఇది మొదటే చెప్పాల్సింది. మీడియం సమస్య.

సైన్స్ టీచరమ్మ:
అన్నగారూ, ఫస్ట్ వచ్చే పిల్ల మూడింటిలో పోయిందంటే ఇంటి మీద బెంగ ఒక్కటే కాదు. ఈసారి వెళ్లినప్పుడు సైన్స్ పుస్తకంలో ఒక పేజీ పైకి చదివించండి. పదం పలకలేక ఆగుతోందా, చదివేసి అర్థం తెలియక ఆగుతోందా చూడండి. మా క్లాసులో ఒకమ్మాయి 'ఫిల్ట్రేషన్' అని గడగడా చదివేది. వడకట్టడం అంటే తనకు బాగా తెలుసు, రోజూ ఇంట్లో టీ వడకట్టేదే. ఆ రెండూ ఒకటేనని ఎవరూ చెప్పలేదు, అంతే.

స్టేట్ సిలబస్ అన్నారు కాబట్టి దారుంది. తెలంగాణలో 2022 నుంచి సర్కారు బడులకు ఇచ్చే పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. సర్కారు వారి దీక్షా అనే చదువుల యాప్‌లో, పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ సైట్‌లో ఆరో తరగతివి వెతకండి. తన పాఠమే పక్కన తెలుగులో కనిపిస్తే సగం భయం పోతుంది. ప్రిన్సిపాల్‌ని ఒక్కటే గట్టిగా అడగండి: సాయంత్రం స్టడీలో ఒక అరగంట సబ్జెక్ట్ టీచర్ పక్కన కూర్చోవాలి.

ఇంకొకటి. పాపను ఒంటరిగా కూర్చోబెట్టుకుని, ఎవరైనా కొడుతున్నారా, ఎవరంటేనైనా భయమా అని మెల్లగా అడగండి. అలాంటిదేదైనా చెబితే ఒక్క రోజు కూడా ఆగొద్దు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. నిద్ర పట్టక, తిండి మానేసి ఉంటే మానసిక ఆరోగ్యానికి సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు. 2025 జులైలో సుప్రీంకోర్టు వంద మంది, అంతకు పైన విద్యార్థులున్న విద్యాసంస్థల్లో కౌన్సెలర్ ఉండాలంది. అంతకన్నా చిన్నవైనా బయటి నిపుణులతో ఏర్పాటు ఉంచుకోవాలంది. చిన్న స్కూలు, మాకు వర్తించదు అంటే ఒప్పుకోకండి.

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, బాగా చెప్పావు. అందుకే నేను మొదటి నుంచీ అంటున్నా, పదో ఏట పిల్ల భాష ఒక్కసారిగా మార్చకూడదని. కేంద్రం నడిపే నవోదయ రెసిడెన్షియల్ బడుల్లో కూడా ఎనిమిది దాకా ప్రాంతీయ భాషే పెట్టారు.

సంక్షేమ వార్డెన్:
ఇప్పుడు పాలసీ చర్చ ఎందుకండి, ఆయన టీసీ గురించి అడిగారు.

నల్లగొండ అన్న:
ఫీజు బాకీ ఉంటే టీసీ ఆపుతారు. అందరూ చేసేదే.

సంక్షేమ వార్డెన్:
ఆపుతారు, కానీ ఆపకూడదు. విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి దాకా పిల్లలు సర్కారు బడికి మారుతుంటే టీసీ వెంటనే ఇవ్వాలి. అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోననకూడదు. మారితే యూడైస్‌లో, అంటే బడి పిల్లల వివరాలుండే సర్కారు ఆన్‌లైన్ రికార్డులో, పాప పేరు పాత స్కూలు నుంచి రిలీజ్ చేయించండి, లేకపోతే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాలి. కట్టిన ఫీజు వాపసు సంగతి వేరు, దాన్ని దీంతో కలపొద్దు.

పాప నాన్న:
ఇప్పుడే వార్డెన్ ఎత్తారు. పాప నిద్రపోయిందట. పుస్తకం దొరికింది, డౌన్‌లోడ్ అవుతోంది. రేపు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తున్నా, మిగతాది తర్వాత చూస్తా. థాంక్సండీ అందరికీ.

రిటైర్డ్ మాస్టారు:
బాబూ, రాత్రి స్టడీలో సారు కూర్చుంటారా లేదా అని తప్పక అడుగు.

కోదాడ అమ్మ:
నవోదయ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా బాబు అక్కడే ఎనిమిది. తొమ్మిదిలో మైగ్రేషన్ కింద, అంటే కొందరు పిల్లల్ని ఏడాది పాటు వేరే భాష రాష్ట్రంలోని నవోదయకు పంపే పద్ధతిలో, హిందీ రాష్ట్రానికి పంపే లిస్టులో పేరొచ్చింది. పిల్లల్ని పంపినవాళ్లు ఎవరైనా ఉన్నారా?