విర్కో రాజకీయాల్లోకి వెళ్లకపోతేనే బాగుండేదా?

స్టెతస్కోప్: నా దృష్టిలో 19వ శతాబ్దపు జర్మన్ డాక్టరు రుడాల్ఫ్ విర్కో రాజకీయాల్లో టైమ్ వేస్ట్ చేసుకున్నాడు. జబ్బు పుట్టేది కణంలోనే అని తేల్చిన మనిషి, 1859 నుంచి 1902లో పోయేదాకా బెర్లిన్ నగరసభలో మురుగు గురించి వాదిస్తూ కూర్చున్నాడు.

పాతచింతకాయ: ఊరికే కూర్చోలేదండీ, పని జరిపించాడు. బెర్లిన్‌లో భూమి కింద మురుగు పైపులు వేయడం 1873లో మొదలైంది. ఇంజినీరు హోబ్రెక్ట్, వెనక పట్టు విర్కోది. అంతకుముందు మురుగంతా వీధి పక్క తెరిచిన కాలవల్లోనే పారేది. 1848లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యం కింద ఉన్న ఎగువ సైలీషియాలో టైఫస్ అనే అంటు జ్వరం వస్తే ఆ ప్రభుత్వం ఈయన్ని చూసి రమ్మంది. మందుల చిట్టా ఇస్తాడనుకుంటే చదువు, స్వేచ్ఛ, పూర్తి ప్రజాస్వామ్యం కావాలని రాసిచ్చాడు. అక్కడి జనం భాష పోలిష్, సర్కారు భాష జర్మన్. ఇది ల్యాబ్‌లో కనబడుతుందా?

మిరపకాయ్: ప్రష్యా ప్రధాని బిస్మార్క్ డ్యూయెల్‌కి (ఇద్దరి మధ్య ఆయుధాల పోరు) పిలిస్తే, ఆయుధంగా పురుగులున్న పంది మాంసం సాసేజ్‌తో రెడీ అయింది ఈయనే కదా 😂

స్టెతస్కోప్: కట్టుకథ. 1865లో బిస్మార్క్ సవాల్ చేసింది నిజం. ఈయన ఒప్పుకోలేదు, అంతే.

మిరపకాయ్: మా సారు క్లాసులో చెప్పారు. పంది మాంసం తనిఖీ చేయాలని పోరాడింది ఈయనే. మరి కథ ఎలా అబద్ధం?

స్టెతస్కోప్: తనిఖీ నిజమైతే సాసేజ్ కూడా నిజమవ్వాలా?! అసలు విషయానికి రండి. నేను పీహెచ్‌సీలో ఉండగా వరసగా విరేచనాల కేసులొచ్చాయి. మంచినీళ్ల పైపు మురుగుకాలవలోంచి పోతోందని రిపోర్ట్ పెట్టా. నెల తిరక్కుండా ట్రాన్స్‌ఫర్. రాజకీయం డాక్టర్ని మింగేస్తుంది.

పాతచింతకాయ: మీ కథ నా వైపే మాట్లాడుతోంది. ఆ రిపోర్ట్ అందుకున్న కుర్చీలో డాక్టరుంటే పైపు మారేది. విర్కోకి రాజకీయాల వల్ల 1849లో బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో ఉద్యోగమే పోయింది. వూర్ట్స్‌బర్గ్ అనే ఊరికి వెళ్లి, 1856లో బెర్లిన్‌కి తిరిగొచ్చి మళ్లీ రాజకీయమే పట్టాడు. ట్రాన్స్‌ఫర్‌కే అలిగి కూర్చోలేదు.

స్టెతస్కోప్: అలగడమా? పిల్లల్ని మధ్యలో బడి మాన్పించి వెళ్లానండీ. మీకేం, కీబోర్డు ముందు కూర్చుని ఎన్నైనా అంటారు.

నల్లకలువ: కొట్టుకోవడం ఆపితే ఒకటి అడుగుతా. సైలీషియాలోని ఆ పోలిష్ జనం కాథలిక్కులు. 1870ల్లో బిస్మార్క్ కాథలిక్ చర్చి మీద చట్టాలు తెస్తే, ఆయనతో అంతకాలం పోట్లాడిన విర్కోనే వాటిని సమర్థించాడు. చర్చితో సాగిన ఆ పోరుకి కుల్టుర్‌కాంఫ్ (సంస్కృతి పోరాటం) అనే పేరు వాడుకలోకి వచ్చిందీ విర్కో వల్లే. ఆ జనాన్ని ఎవరైనా అడిగారా?

పాతచింతకాయ: జనాన్ని అజ్ఞానంలో ఉంచుతున్నది చర్చేనని 1848లోనే అన్నాడు. మాట మార్చలేదు.

స్టెతస్కోప్: ఇదిగో, నా భయం ఇదే. పేషెంట్ వద్దంటే నేను కత్తి పట్టను. ఓటు చేతిలో ఉన్న డాక్టరు ఊరందరికీ కలిపి ఆపరేషన్ చేసేస్తాడు, సంతకం అడగడు.

పాతచింతకాయ: మురుగు పైపుకి ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకుంటారా?

నల్లకలువ: పైపు వేయడం వేరు, బిషప్పుల్ని జైల్లో పెట్టడం వేరు.

పాతచింతకాయ: జైళ్లని నేనూ సమర్థించను. అందుకని ఆయన్ని మైక్రోస్కోప్ దగ్గరే ఆగిపొమ్మంటే మాత్రం ఒప్పుకోను.