ఘాట్ ఎక్కి బండి ఆపితే ఇంజిన్ ఎంతసేపు స్లోలో ఉంచాలి? టర్బో పోయింది, పైగా జీపీఎస్ గోల

రాయచోటి పదిటైర్లు
అందరికీ నమస్తే. ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తుకుని కడప మీదుగా చిత్తూరు వేస్తుంటాను. బండి 2018 మోడల్, బీఎస్4 (పొగ రూల్స్‌లో బీఎస్6కి ముందుది). పోయిన నెల గువ్వలచెరువు ఘాట్ ఎక్కి, పైన కోవా కొట్ల దగ్గర టీకి ఆపాను. మళ్లీ స్టార్ట్ చేస్తే ఈల వేసినట్టు సౌండు, వెనక నీలం పొగ. ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బో పోయింది. కొత్తదానికి లేబర్‌తో కలిపి 38,000 అయింది. "ఘాట్ ఎక్కీ ఎక్కగానే కీ తిప్పేశావు, నీ వల్లే పోయింది" అన్నాడు ఓనర్. సరేనని ఇప్పుడు ఆపిన ప్రతిచోటా పది నిమిషాలు ఆన్‌లో ఉంచుతున్నా. ఇప్పుడేమో జీపీఎస్‌లో ఐడిల్ రిపోర్టు (బండి కదలకుండా ఇంజిన్ నడిచిన లెక్క) చూసి "డీజిల్ ఎందుకు తగలేస్తున్నావ్" అని ఫోను. ఆపితే ఒక తిట్టు, ఆపకపోతే ఇంకో తిట్టు. అసలు ఎంతసేపు ఉంచాలో తెలిసినవాళ్లు చెప్పండన్నా.

ఆటోనగర్ మేస్త్రి, బెజవాడ
తమ్ముడూ, పది నిమిషాలు దండగ. ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కి అక్కడే ఆపితే మూడు నిమిషాలు, మండే ఎండల్లో ఐదు. అంతే.

ఎందుకో కూడా విను. ఘాట్ మీద లాగేటప్పుడు టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్ల దగ్గర తిరుగుతుంది. దాన్ని మోసేది బేరింగులో ఉండే పల్చటి ఆయిల్ పొర. ఆ ఆయిల్‌ని పంపేది ఇంజిన్ పంపు. ఒక పక్క నుంచి దాన్ని తిప్పే ఇంజిన్ పొగ, 600 డిగ్రీలు దాటినది, కొడుతుంటుంది. నువ్వు కీ తిప్పగానే ఆయిల్ ఆగిపోతుంది కానీ వేడి ఆగదు, హౌసింగ్ నుంచి మెల్లగా మధ్యలోకి పాకుతుంది. అక్కడ చిక్కుకున్న ఆయిల్ మాడుతుంది. దోసెల పెనం అంచున నల్లగా గట్టిపడి గీకినా రాని జిడ్డు ఉంటుంది చూడు, అదే. ఒక్కరోజుకి ఏం కాదు. ఏడాది పాటు రోజూ అలాగే ఆపితే ఆయిల్ దారి మూసుకుపోతుంది.

కాబట్టి ఒక్కసారి ఆపడం వల్ల పోయిందంటే నేను ఒప్పుకోను. నా దగ్గరికొచ్చే టర్బోల్లో ఎక్కువ భాగం పాత ఆయిల్ వల్లా, చిరిగిన ఎయిర్ ఫిల్టర్ వల్లా పోయినవే. ఒకటి అడుగుతా. టర్బో మార్చినప్పుడు దానికి ఆయిల్ తెచ్చే పైపు మార్చారా?

రాయచోటి పదిటైర్లు
పైపు సంగతి తెలియదన్నా. నేను అప్పుడు ఊరికి వెళ్లాను, మెకానిక్కు చూసుకున్నాడు.

పాత స్టీరింగ్
ముప్పై రెండేళ్లు లారీ నడిపాను, ఇప్పుడు మానేశాను. మా కాలంలో బండ్లకు టర్బో లేదు. ఆపే ముందు ఒకసారి యాక్సిలరేటర్ తొక్కి గట్టిగా రైజ్ చేసి, ఆ ఊపులోనే స్టాప్ నాబ్ లాగేవాళ్లం. మా గురువు నేర్పించాడు, నేను నలుగురు క్లీనర్లకు నేర్పించాను. ఎందుకంటే చెప్పలేం, ఆ సౌండుతో ఆపితేనే డ్రైవర్ అన్నట్టు ఉండేది. టర్బో బండి ఎక్కాక కూడా నా కాలు ఊరుకోలేదు. రెండు టర్బోలు తిన్నాక తెలిసింది, నేను దాన్ని పూర్తి స్పీడులో తిప్పి మరీ ఆయిల్ ఆపేస్తున్నానని. ఇప్పటికీ కొందరు కుర్రాళ్లు అలాగే ఆపుతుంటే చూస్తున్నా. నేర్పింది మా తరమే.

మిర్యాలగూడ ఓనర్ కమ్ డ్రైవర్
ఓనర్ వైపు నుంచి కూడా చెప్పాలి కదా. రైస్ మిల్లు దగ్గర లైనులో ఉన్నప్పుడు బండి ఆన్‌లోనే వదిలేసి నిద్రపోయే డ్రైవర్లను చూశాను. ఒకసారి నా బండికే ట్యాంకు నిండా కొట్టించి, ఐదు గంటలు స్లోలో ఉంచి, మళ్లీ నింపి చూశా. 9 లీటర్ల పైనే పట్టింది. లీటరు వంద దగ్గర వేసుకున్నా ఒకరోజు బత్తా కరిగిపోయినట్టే.

డీజిల్ ఒక్కటే కాదు. లోడు లేకుండా గంటల తరబడి స్లోలో ఉంటే సిలిండర్లు సరిగ్గా వేడెక్కవు, డీజిల్ పూర్తిగా కాలదు. కాలని డీజిల్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కింద ఆయిల్ చాంబర్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, తెలిసిపోతుంది.

కాకపోతే మీ ఓనర్ మూడు నిమిషాలకూ మూడు గంటలకూ ఒకే లెక్క కట్టడం తప్పు. రిపోర్టులో ఐదు నిమిషాల లోపు ఆగినవి పక్కన పెట్టి చూడమని చెప్పండి. నేనూ అలాగే చూస్తా.

బీఎస్6 బాధితుడు
మాకు ఇంకో తలనొప్పి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లలో పొగ ఫిల్టర్ ఉంటుంది. ఎక్కువసేపు స్లోలో ఉంచితే సైలెన్సర్ వైపు వేడి చాలక మసి నిండిపోయి లైటు వెలుగుతుంది. అప్పుడు బండి నిలబెట్టి రీజెనరేషన్ చేయాలి. ఇంజిన్ దానంతటదే రైజ్ అయి ఆ మసిని కాల్చేస్తుంది. మధ్యలో ఆపకూడదు. ఆ సమయంలో కింద ఎండుగడ్డి లేకుండా చూసుకోండి. కోతల సీజన్లో రోడ్డంతా గడ్డే కదా, నేను ఒకసారి సెగ కొట్టి పొగ లేచాక బండి పక్కకు లాగాను.

ఇంకొకటి, కీ తీసిన వెంటనే బ్యాటరీ మెయిన్ స్విచ్ కట్ చేయొద్దు. ఈ బండ్లలో పొగ శుభ్రం కావడానికి యూరియా ద్రవం వాడతారు కదా, లైనులో మిగిలినదాన్ని దాని పంపు వెనక్కి లాక్కోవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. కట్ చేస్తే అక్కడే ఉప్పులా గడ్డకడుతుంది. దొంగల భయంతో నేను రోజూ వెంటనే కట్ చేసేవాణ్ని.

మార్కాపురం మాజీ సైనికుడు
పొద్దున స్టార్ట్ చేసేటప్పటి సంగతి ఎవరూ అనలేదు. ఆర్మీలో లేహ్ వైపు బండి నడిపా. చలికాలంలో డీజిల్ పేరుకుపోయి ఫిల్టర్‌లో ఆగిపోయేది, అక్కడ బండి ఆన్‌లో ఉంచడానికి అర్థం ఉంది. 2019 చివర్లో మైనస్ 33 వరకు గడ్డకట్టని డీజిల్ ఆ వైపు వచ్చింది. మన కడప ఎండలో పొద్దున్నే పావుగంట వేడెక్కించడం ఎందుకో నాకు అర్థం కాదు. ఆయిల్ ప్రెషర్ లైటు ఆరాక ఒకటి రెండు నిమిషాలు ఆగి, మొదటి ఐదు కిలోమీటర్లు మెల్లగా పోతే చాలు. స్టార్ట్ చేయగానే రైజ్ చేయడం మాత్రం మహా పాపం, పైన టర్బోకి ఇంకా ఆయిల్ ఎక్కి ఉండదు.

పాత స్టీరింగ్
పావుగంట వేడి కోసం కాదు సార్, గాలి కోసం. బ్రేకులకు ఎయిర్ నిండకపోతే బండి కదలదు కదా.

ఆటోనగర్ మేస్త్రి, బెజవాడ
ఎయిర్ నిండటానికి పావుగంట పడుతోందంటే రాత్రంతా ఎక్కడో లీకవుతోందని. సబ్బు నురగ పెట్టి పైపుల జాయింట్లు (యూనియన్లు) చూడండి. పాత పైపు ఒక్కటి మారిస్తే రోజూ ఆ పావుగంట డీజిల్ మిగులుతుంది.

చిలకలూరిపేట టిప్పర్
నాదొక డౌటు. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి వస్తే వెంటనే ఆపాలా, స్లోలో ఉంచాలా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు.

ఆటోనగర్ మేస్త్రి, బెజవాడ
నీళ్లు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి. పక్కకు ఆపి, న్యూట్రల్‌లో కొంచెం రైజ్‌లో ఉంచితే ఫ్యాను, నీళ్ల పంపు తిరిగి ముల్లు దిగుతుంది. దిగకుండా ఇంకా ఎక్కుతున్నా, కింద నీళ్లు కారుతున్నా వెంటనే ఆపెయ్. లేకపోతే ఇంజిన్ హెడ్ (సిలిండర్ల పై మూత) పోతుంది. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, ఇంజిన్ మీద బకెట్టు నీళ్లు అస్సలు గుమ్మరించొద్దు. అలా చేసి పగిలిన హెడ్డొకటి షెడ్డులో ఇప్పటికీ ఉంది, వచ్చినవాళ్లకు చూపించడానికి ఉంచుకున్నా.

మిర్యాలగూడ ఓనర్ కమ్ డ్రైవర్
రాయచోటి తమ్ముడూ, నిమిషాలు లెక్కపెట్టడం కంటే ఆపే ముందు ఐదు నిమిషాలు బండి ఎలా నడిచిందో చూసుకో. ఊళ్లోకి వచ్చి ట్రాఫిక్‌లో మెల్లగా పాకుతూ షెడ్డుకి చేరితే టర్బో దారిలోనే చల్లారిపోయి ఉంటుంది, అర నిమిషం చాలు. అదే ఘాట్ చిత్తూరు నుంచి కడప వైపు దిగితే ఇంజిన్ మీద లోడే ఉండదు. అప్పుడు కాలేది బ్రేకు డ్రమ్ములు. డీజిల్ మిగులుద్దని దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టి ఆఫ్ చేసేవాళ్లున్నారు, గువ్వలచెరువు మలుపుల్లో ఆ పని మాత్రం చేయకు.

రాయచోటి పదిటైర్లు
అందరికీ థాంక్స్. మేస్త్రి అన్న అడిగాడని ఈరోజు కడపలో వేరే మెకానిక్కు చేత ఆయిల్ పైపు విప్పించాను. పాతదే బిగించారు. లోపల సగం పైన నల్లగా మూసుకుపోయి ఉంది, కొత్త టర్బో నెల నుంచి ఆ మిగిలిన సందుతోనే బతుకుతోంది. కొత్త పైపు వేయించి, ఆయిల్, ఫిల్టరు కూడా మార్పించా. పాత పైపు ఫొటో తీసి ఓనర్‌కి పంపాను. రెండు టిక్కులు నీలం పడ్డాయి. ఫోను మాత్రం ఇంకా రాలేదు.