డిగ్రీ అయిన వెంటనే ఇంగ్లీషు బోధనకు విదేశం వెళ్ళవచ్చా, బీఈడీ చేసి వెళ్ళాలా?

కోఠి విద్యార్థిని

గత నెలలో బీఏ ఆఖరి సెమిస్టరు పరీక్షలు రాశాను. ఇంగ్లీషు సాహిత్యం నా ప్రధాన విషయం. 120 గంటల ఆన్‌లైన్ టెఫెల్ (ఇంగ్లీషు మాతృభాష కానివారికి ఆ భాష నేర్పే శిక్షణ) కోర్సు పూర్తిచేస్తే మూడు నెలల్లో వియత్నాంలోని ఒక భాషా కేంద్రంలో ఇంగ్లీషు టీచరుగా చేర్పిస్తామని అమీర్‌పేటలోని ఒక కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. ముందు టూరిస్టు వీసా మీద వెళ్ళి, వర్క్ పర్మిట్ సంగతి అక్కడ చూసుకోవచ్చట. నాన్నగారు మాత్రం బీఈడీ పట్టా చేతికొచ్చాక ఎక్కడికైనా వెళ్ళమంటున్నారు. ఆ రెండేళ్ళూ వృథా అని నా అభిప్రాయం. అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

చిక్కడపల్లి అభ్యర్థి

వెళ్ళండి. బీఈడీ చేసినవాడినే కనుక ఈ మాట ధైర్యంగా అంటున్నాను. 2017లో 8,792 ప్రభుత్వ టీచరు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చేనాటికి నా చదువు పూర్తికాలేదు. 2023లో ఇచ్చినదాన్ని రద్దు చేశారు. 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ వచ్చేసరికి సిటీ సెంట్రల్ లైబ్రరీలో నేను కూర్చునే కుర్చీ మీద నా పేరు రాయడమొక్కటే తక్కువ. ఈ మధ్యలో పనిచేసిన ప్రైవేటు పాఠశాలలో వేసవి రెండు నెలలూ జీతం ఇచ్చేవారు కారు. మీ నాన్నగారు భరోసా అనుకుంటున్న ఆ పట్టా నాకు మాత్రం క్యూలో నిలబెట్టే టోకెనుగానే పనికొచ్చింది.

హనోయ్ వెళ్ళివచ్చినవాడు

నేనూ వెళ్ళమనే అంటాను, కానీ టూరిస్టు వీసా మీద మాత్రం వద్దు. ఆ పొరపాటు నేను చేశాను. చేర్చుకున్న కేంద్రం వారు వచ్చే నెల, వచ్చే నెల అంటూ పర్మిట్‌కు దరఖాస్తే పెట్టలేదు. నాలుగో నెల జీతంలో కోత పడినప్పుడు ఫిర్యాదు చేద్దామంటే, పర్యాటకుడిగా వచ్చి పాఠాలు చెబుతున్నందుకు చట్టం ముందు మొదటి తప్పు నాదే అవుతుంది. నోరు మూసుకొని ఇంటికి వచ్చేసి, డిగ్రీకి అటెస్టేషన్, పోలీసు క్లియరెన్స్, బోధనా సర్టిఫికెట్ అన్నీ సిద్ధం చేసుకొని, పర్మిట్ ఇప్పిస్తామని కాగితం మీద రాసిచ్చిన చోటు దొరికాకే మళ్ళీ బయలుదేరాను.

ఇక బోధన సంగతి. అక్కడి పిల్లలు పదం చివరి హల్లును మింగేస్తారు. 'లైక్', 'లైఫ్', 'లైట్' మూడూ చాలామంది నోట 'లై' గానే వినిపిస్తాయి. మనమేమో చివర అచ్చు తగిలించి 'బస్సు', 'బుక్కు' అంటాం. మొదటి వారంలో ఒక పదేళ్ళ పాప నా 'బుక్కు'ను ఉకారంతో సహా అప్పజెప్పినప్పుడు నాకు చెమటలు పట్టాయి. నేను చేసిన ఆన్‌లైన్ కోర్సులో ఈ లోపం పట్టుకున్నవారు లేరు, ఎందుకంటే ఆ 120 గంటల్లో ఒక్క నిమిషమైనా నేను విద్యార్థుల ముందు నిలబడలేదు. కేంబ్రిడ్జి వారి ఇంగ్లీషు బోధనా కోర్సు సెల్టా కూడా ఇంచుమించు అన్ని గంటలదే గాని, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి. శిక్షకులు వెనక కూర్చొని చూసి తప్పులు చెబుతారు. మరొక మాట: అదే గదిలో, అదే పుస్తకంతో చెప్పినా, పాస్‌పోర్టు రంగును బట్టి గంటకిచ్చే డబ్బు మారుతుంది. నాకైతే మారింది.

తార్నాక మాస్టారు

అభ్యర్థి గారి బాధ నిజమైనదే. అయితే ఆయన చెబుతున్నది ఇక్కడి ఉద్యోగం గురించి, అమ్మాయి అడిగింది బయటి ఉద్యోగం గురించి. దక్షిణ కొరియా ఇంగ్లీషు బోధనకిచ్చే ఈ-2 వీసా ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా పౌరులకే. మనవారికి ఆ దారి కాస్త తెరిచింది 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం, అదీ డిగ్రీతో పాటు టీచరు అర్హత పత్రం ఉన్నవారికి. గల్ఫ్‌లోని సీబీఎస్ఈ పాఠశాలలూ బీఈడీనే అడుగుతాయి. డీఎస్సీ వరుసలో టోకెను అనిపించిన పట్టాకే విమానాశ్రయం దాటాక విలువ వస్తున్నది.

పాస్‌పోర్టు రంగు మాట కూడా వచ్చింది కనుక చెబుతాను. మా తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా పుట్టింది. మధ్యలో దాని పేరు సీఫెల్, మా తరం వారికి అది ఇప్పటికీ సీఫెలే. భారత ప్రభుత్వం విదేశీయులకు శిక్షణనిచ్చే ఐటెక్ పథకం కింద ఆఫ్రికా, ఆసియా దేశాల వారు ఇంగ్లీషు కోసం అక్కడికి వస్తుంటారు. సెల్టాలో చెప్పే టాస్కుల పద్ధతికి (పిల్లలచేత చిన్న చిన్న పనులు చేయిస్తూ భాష నేర్పడం) తొలి పెద్ద ప్రయోగం భాషా బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979-84 మధ్య దక్షిణ భారతంలోని మామూలు బడుల్లో చేసినదే. ఇంత సరుకు ఇంటి పక్కన ఉండగా, అమీర్‌పేట మెట్లెక్కి వీడియోల సర్టిఫికెట్ కొనుక్కోవడం నాకు మింగుడుపడదు.

చిక్కడపల్లి అభ్యర్థి

కొరియా సంగతి నాకు తెలియదు మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. కానీ మా బీఈడీ కళాశాలలో టీచింగ్ ప్రాక్టీసు చాలావరకు రికార్డు పుస్తకాల్లోనే జరిగింది. పాఠ్య ప్రణాళికలు సీనియర్ల దగ్గర నకలు చేసుకున్నాం. ఆ లెక్కన హనోయ్ గారి ఆన్‌లైన్ కోర్సుకూ నా రెండేళ్ళకూ తేడా ఏమిటి?

తార్నాక మాస్టారు

అలాంటి కళాశాలలో చేరితే తేడా ఏమీ ఉండదు నాయనా. చేరేముందు ఆ అమ్మాయి అడగవలసిన మొదటి ప్రశ్న అదే: పాఠాలు ఏ బడిలో చెప్పిస్తారు, ఎన్ని వారాలు, వెనక ఎవరు కూర్చుంటారు?

కోఠి విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. పర్మిట్ ఇప్పిస్తామని కాగితం మీద రాసివ్వండని కన్సల్టెన్సీ వారిని నిన్న అడిగితే, అలా ఎవరికీ ఇవ్వమన్నారు. కాబట్టి అడ్వాన్సు కట్టలేదు. బీఈడీ మీద నా మనసు పూర్తిగా మారలేదు. ఎడ్‌సెట్ మాత్రం రాస్తాను, సెల్టా ఖర్చు కూడా కనుక్కుంటాను. ఒక చిన్న సందేహం: పోలీసు క్లియరెన్స్‌కు ఇప్పుడే దరఖాస్తు చేసుకోమంటారా?

హనోయ్ వెళ్ళివచ్చినవాడు

ఇప్పుడే వద్దండీ. ఆరు నెలలు దాటిన పీసీసీని చాలా చోట్ల ఒప్పుకోరు. ముందు డిగ్రీ ఒరిజినల్ తెచ్చుకొని అటెస్టేషన్ మొదలుపెట్టండి, ఎక్కువ రోజులు పట్టేది దానికే.