వాన తోటలు: నిబంధన పెట్టి కట్టించాలా, రుసుము తగ్గించి ఒప్పించాలా?

వానచుక్క: పురపాలికలు కాంక్రీటు కాలువల మీదే ఆధారపడకుండా వాన తోటలు (వాననీరు కాసేపు నిలిచి మట్టిలోకి ఇంకేలా గుంటగా చేసిన మొక్కల మడులు), నీరు ఇంకే నేలల వైపు మళ్లాలంటే ఏ విధానం పనిచేస్తుంది? నా ఓటు రుసుముకి. నీరు ఇంకని నేల ఎంత ఉంటే అంత వాననీటి రుసుము, ఇంకించినవాళ్లకి తగ్గింపు. జర్మనీలో చాలా ఊళ్లు మురుగునీటికీ వాననీటికీ బిల్లు విడదీసి ఇదే చేస్తున్నాయి.

గట్టుమీద: రుసుము ఇప్పటికే ఇల్లున్నవాణ్ని కదిలిస్తుందేమో. బిల్డరుకి దాంతో పనేంటి? కట్టి అమ్మేసి పోతాడు, బిల్లు కొన్నవాడి నెత్తిన పడుతుంది. అక్కడ నిబంధనే దిక్కు. బెర్లిన్‌లో స్థలంలోని ప్రతి ఉపరితలానికి ఒక గుణకం ఇచ్చారు. పూర్తిగా కప్పేసిన నేలకి 0, కింది మట్టితో కలిసిన పచ్చదనానికి 1. ఆ నియమం ఉన్న పేటల్లో కొత్త ఇళ్లకి స్థలం మొత్తం మీద, విస్తీర్ణం ప్రకారం సగటున 0.6 రావాలి. ఎలా తెచ్చుకోవాలో కట్టేవాడి ఇష్టం.

చీకటిదోమ: నీళ్లు నిలబెడితే దోమలు రావా?

వానచుక్క: 24 గంటల్లో ఇంకాలి, 48 దాటితే తోట చెడిపోయినట్టే. గుడ్డు దోమ కావడానికి దాదాపు వారం పడుతుందండి.

కాలువలాయన: నిబంధనలో ఏ వాన రాస్తారు? 25 మిల్లీమీటర్లా? ఊరు మునిగేది 100 పడిన రోజు.

గట్టుమీద: లెక్క చూడండి. 1000 చదరపు మీటర్ల కప్పు మీద 25 మి.మీ. పడితే, పదోవంతు పోగా 22,500 లీటర్లు. 60 చదరపు మీటర్ల తోటలో 20 సెం.మీ. నిలిచే లోతు ఉంటే 12,000. కింద 75 సెం.మీ. మట్టిలో నాలుగోవంతు ఖాళీ అనుకుంటే ఇంకో 11,250. సరిపోయింది. అంతకు మించింది పొంగుగొట్టంలోంచి కాలువకే పోతుంది. కాలువ తీసెయ్యమని ఎవరన్నారు?

కాలువలాయన: అదే నేనూ అనేది, 100 మి.మీ. పడిన రోజున కాలువే కదా.

గట్టుమీద: మళ్లీ అదే మాట. ఏడాదిలో చిన్న వానలే ఎక్కువ, రోడ్ల మీది మురికిని నదికి మోసుకెళ్లేదీ అవే. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం 2011లో 25 ఏళ్ల ప్రణాళిక వేసుకున్నదీ అందుకే, వాననీరు మురుగుతో కలిసి నదిలోకి పొంగుతోందని. ముంపు దాని ప్రధాన గురి కాదు.

కాలువలాయన: ప్రణాళికలు చదివి పాఠాలు చెప్పకండి సార్. తోట ఎందుకు చస్తుందో చెప్పండి ముందు.

మట్టిచెయ్యి: నేను చెప్తా. భవనం పూర్తి కాకముందే తోట వేస్తారు, సిమెంటు బురదంతా అందులోకే. లేదా పొక్లెయిన్ దాని మీద తిరిగి మట్టి గట్టిపడుతుంది. మట్టికీ కంకరకీ మధ్య గుడ్డ పరుస్తారు, అది పూడుకుపోతుంది. గుడ్డ బదులు సన్న కంకర పొర వేయాలి. నీరు వచ్చే మూతి దగ్గర పూడిక గుంట లేకపోతే మొదటి వానాకాలంలోనే ఖతం. ఇవి నిబంధనలో రాయకుండా "వాన తోట తప్పనిసరి" అని ఒక్క ముక్క రాస్తే పూలకుండీ చూపించి అనుమతి తెచ్చుకుంటారు.

కాలువలాయన: ఇప్పుడు అసలు మాట. కాలువ పూడితే పూడికతీతకి పద్దు ఉంది, టెండరు ఉంది. తోట ఎండితే ఏ పద్దు? మూలధన పద్దులో కట్టడానికి డబ్బొస్తుంది, కలుపు తీయడానికి రాదు. రేపు సంతకం పెట్టినవాడి మెడకే చుట్టుకుంటుంది. నాకు మొక్కలంటే కోపమా?

గట్టుమీద: ఇది మొదట్లోనే అనుంటే సగం గొడవ తప్పేది. తోటని పార్కుల ఖాతాలో కాకుండా కాలువల ఆస్తి రిజిస్టరులో ఎక్కించాలి. అప్పుడు పూడికతీత పద్దే దానికీ వర్తిస్తుంది. ప్రైవేటు స్థలంలో అయితే బిల్డరు కట్టిన డిపాజిట్ రెండు వానాకాలాలు దాటాకే వాపసు.

వానచుక్క: రుసుము తగ్గింపు కూడా శాశ్వతం కాకూడదు. మూడేళ్లకోసారి తోటని నీళ్లతో నింపి, గంటకి ఎన్ని మిల్లీమీటర్లు దిగుతోందో కొలవాలి. 25 కంటే తక్కువైతే రద్దు. ఇంగ్లండులో 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద నిర్మాణాలు జీవవైవిధ్యాన్ని 10 శాతం పెంచి చూపాలి, దానికి లెక్క చూపిన పచ్చదనాన్ని 30 ఏళ్లు కాపాడాలి. గడువు రాసి పెట్టడం అంటే అదీ.

కాలువలాయన: పద్దు మార్చితే సంతకం పెడతా. కానీ పూడిక తీసే మనిషికి ఏది కలుపో, ఏది నాటిన మొక్కో ఎవరు చెప్తారు?

మట్టిచెయ్యి: నాటిన మొక్కల బొమ్మలు టెండరు కాగితాలకే జతచేయాలి. లేకపోతే మొదటి రోజే పారతో శుభ్రంగా చెక్కేస్తారు.