జూన్‌లో అమ్మానాన్నలతో నార్వే: ఫ్యోర్డులు (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) సరిపోతాయా, లోఫోటెన్ దీవులు కూడా కలపాలా?

స్టుట్‌గార్ట్_సత్తెనపల్లి:
అందరికీ నమస్తే. మేం జర్మనీలో ఉంటాం. ఈసారి అమ్మానాన్న ఇక్కడికొచ్చినప్పుడు జూన్ రెండో వారంలో నార్వే చూపిద్దామని ప్లాన్, వారం పైన ఒకట్రెండు రోజులు దొరుకుతాయి. నాన్న బాగానే నడుస్తారు గానీ అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లంటే కష్టం. మా ఆవిడ లిస్టులో ఓస్లో, బెర్గెన్, ఫ్లోమ్, ప్రీకెస్టూలెన్ కొండ, లోఫోటెన్, ఉత్తరాన ట్రోమ్సో అన్నీ ఉన్నాయి. అన్నీ కుదురుతాయా? ట్రైన్లు సరిపోతాయా లేక కారు తీసుకోవాలా? వాళ్ల షెంగెన్ వీసా జర్మనీది, అది చెల్లుతుంది కదా? ఇంకోటి, అమ్మ పూర్తి వెజ్.

ఫ్యోర్డు_పిచ్చి:
ఓస్లోలో చాలా ఏళ్లుగా ఉంటున్నానండి. ముందు వీసా సంగతి, నార్వే ఈయూలో లేదు గానీ షెంగెన్‌లో ఉంది కాబట్టి అదే వీసా చాలు, పాస్‌పోర్టులు మాత్రం చేతిలో ఉంచుకోండి.

ఇక లిస్టు. ఇది నిలువుగా సాగిపోయిన దేశం, ఓస్లో నుంచి ట్రోమ్సోకి రోడ్డు మీద 1,600 కిలోమీటర్ల పైమాటే. అన్నీ పెట్టుకుంటే పెద్దవాళ్లకి గుర్తుండేవి ఎయిర్‌పోర్టులే. ఓస్లో, ఫ్లోమ్, బెర్గెన్ ఈ మూడే పెట్టుకుని నిదానంగా చూడండి, కారు అక్కర్లేదు. ఎందుకంటే ఇక్కడ ఊరికీ ఊరికీ మధ్య ప్రయాణమే అసలు చూడాల్సింది. ఓస్లో-బెర్గెన్ లైను 1909లో మొదలైంది, మొత్తం దూరం ఏడు గంటల లోపు, మధ్యలో ఫిన్సె స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తున ఉంటుంది, జూన్‌లో కూడా కిటికీలోంచి మంచు కనపడుతుంది. మిర్దాల్‌లో దిగి ఫ్లోమ్ ట్రైన్ ఎక్కండి, అది 20 కిలోమీటర్లే గానీ 867 మీటర్ల ఎత్తు నుంచి దాదాపు సముద్రమట్టానికి దిగిపోతుంది, దారిలో షోస్‌ఫోస్సెన్ జలపాతం దగ్గర ఆపుతారు, అందరూ ప్లాట్‌ఫాం మీదకి దిగి చూడొచ్చు, అమ్మగారికి ఎక్కడా ఎక్కే పని లేదు. ఫ్లోమ్‌లో ఒక రాత్రి తప్పకుండా ఉండండి. సాయంత్రానికి టూరిస్టు గుంపులన్నీ వెళ్లిపోతాయి, అప్పుడు ఆ లోయ మీకే. స్టేగస్టైన్ వ్యూపాయింట్‌కి బస్సులో వెళ్లొచ్చు, అవుర్లాండ్ ఫ్యోర్డుకి 650 మీటర్ల పైన గాల్లోకి కట్టిన చెక్క వంతెనలా ఉంటుంది.

మర్నాడు ఫ్లోమ్ నుంచి గుద్వాంగెన్‌కి రెండు గంటల బోటు. అందులో వచ్చే నారోయ్‌ఫ్యోర్డు 2005 నుంచి యునెస్కో లిస్టులో ఉంది, ఒకచోట వెడల్పు 250 మీటర్లే, రెండు పక్కలా కొండలు నిటారుగా లేస్తాయి. ఇప్పుడు బ్యాటరీ బోట్లు తిప్పుతున్నారు, ఇంజను చప్పుడు లేకపోవడంతో పైనుంచి పడే నీళ్ల హోరు వినపడుతుంది. నాకైతే దేశం మొత్తంలో ఇంతకన్నా ఇష్టమైన రెండు గంటలు లేవు. అక్కణ్ణుంచి బస్సులో వోస్, వోస్ నుంచి ట్రైన్లో బెర్గెన్. ఇదంతా ప్యాకేజీగా అమ్ముతారు, విడివిడిగా కూడా బుక్ చేసుకోవచ్చు, ట్రైన్ టికెట్లు మాత్రం ముందుగా తీసుకుంటేనే చవక.

ప్రీకెస్టూలెన్ వదిలేయండి. రానూపోనూ 8 కిలోమీటర్లు, నేపాల్ నుంచి షెర్పాలు వచ్చి పరిచిన రాతి మెట్లున్నాయి నిజమే, కానీ మెట్లు మెట్లే.

ట్రోమ్సో_తమ్ముడు:
అన్న చెప్పిందంతా కరెక్టే కానీ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. జూన్ అంటే అర్ధరాత్రి సూర్యుడి టైము, ట్రోమ్సోలో మే 20 దగ్గర్నుంచి జూలై 22 దాకా సూర్యుడు అస్తమించడు, పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ ఇంత దూరం రారు కదా. ఓస్లో నుంచి ఫ్లైట్ రెండు గంటల లోపే. కేబుల్ కారు ఉంది, రాత్రి పన్నెండింటికి కొండ మీద ఎండలో నిలబడొచ్చు, మోకాళ్లకి ఇబ్బందే లేదు. లోఫోటెన్ మాత్రం ఈసారి వద్దు. అక్కడ కారు లేకపోతే కష్టం, బూడో అనే ఊరి నుంచి ఫెర్రీకే మూడు గంటలు పైన పడుతుంది, ఒక్కరోజులో వెళ్లొచ్చేది కాదు. ఫిబ్రవరి నుంచి చెక్క పందిళ్ల మీద కాడ్ చేపలు ఎండేస్తారు, నీళ్ల అంచునే జాలర్ల ఎర్ర చెక్క ఇళ్లు, వాటిలోనే బస. మీరిద్దరే విడిగా రండి దానికి.

వంటింటి_సుజాత:
వెజ్ గురించి నేను చెప్తా. హోటల్ కన్నా కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండమ్మా, బయట తిండి చాలా ఖరీదు. ఓస్లోలో గ్రోన్‌లాండ్ ఏరియాలో మన సరుకులు దొరికే కొట్లున్నాయి, బియ్యం పప్పు పచ్చిమిరపకాయలు అక్కడే కొనుక్కుని ఫ్లోమ్ బయల్దేరండి, అక్కడ దొరకవు. ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసేస్తారు, శనివారమే చూసుకోండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు కొనకండి. బ్రూనోస్ట్ అని గోధుమరంగు చీజ్ ఉంటుంది, మా అమ్మకి పాలకోవాలా అనిపించి రోజూ బ్రెడ్డు మీద వేసుకుని తింది.

స్టుట్‌గార్ట్_సత్తెనపల్లి:
చాలా థ్యాంక్స్ అందరికీ. లోఫోటెన్, ప్రీకెస్టూలెన్ తీసేశాం, ఆవిడ కూడా ఒప్పుకుంది. బెర్గెన్ నుంచి చివర్లో ట్రోమ్సోకి ఫ్లైట్ చూస్తున్నాం. బెర్గెన్‌లో వానలెక్కువ అంటున్నారు, అమ్మ ఏం చూడగలదు?

ఫ్యోర్డు_పిచ్చి:
ట్రోమ్సో చివర్లో అయితే బాగుంటుంది, ఒప్పుకుంటా. బెర్గెన్‌లో వాన ఏడాదికి 200 రోజులు దాటుతుంది, గొడుగు గాలికి నిలవదు, అందరికీ టోపీ ఉన్న రెయిన్‌కోట్లు కొనండి. బ్రిగ్గెన్ రేవు మొత్తం చదునే, 1702 మంటల తర్వాత మళ్లీ పాత పద్ధతిలోనే కట్టుకున్న జర్మన్ వర్తకుల చెక్క ఇళ్లు, లోపల సందుల్లో చెక్క పలకలు తడిస్తే జారతాయి, అమ్మగారి చెయ్యి పట్టుకోండి. పక్కనే ఫ్లోయెన్ కొండ మీదకి ట్రైన్ ఉంది, 320 మీటర్లు నిమిషాల్లో ఎక్కేస్తుంది. టికెట్ ముందే కొనకండి, పొద్దున Yr అనే వెదర్ యాప్‌లో మబ్బు ఎప్పుడు విడుస్తుందో చూసుకుని ఆ గంటకే వెళ్లండి.