సంఘ పెద్దలు రాసిచ్చిన విడాకుల కాగితం చెల్లుతుందా?

కందుకూరు తమ్ముడు: మా అక్కది ఒంగోలులో బాప్టిస్టు చర్చిలో జరిగిన పెళ్లి. బావ వదిలేసి పోయి మూడేళ్లు దాటింది. మొన్న రెండువైపులా పెద్దలు కూర్చుని "ఇష్టపూర్వకంగా విడిపోయాం" అని స్టాంపు కాగితం మీద రాయించి సంతకాలు పెట్టించారు, పాస్టర్ గారు సాక్షి. బావకి అప్పుడే సంబంధాలు చూస్తున్నారంట. కోర్టు అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

పెన్నా గట్టు: చెల్లదు తమ్ముడూ. క్రైస్తవ పెళ్లికి 1869 నాటి విడాకుల చట్టం ఉంది, కోర్టు డిక్రీ (విడాకుల తీర్పు) ఇస్తేనే విడాకులు. క్యాథలిక్ చర్చి ట్రిబ్యునల్ ఇచ్చే పెళ్లి రద్దుకే చట్టబలం లేదని 2017లో సుప్రీంకోర్టు తేల్చేసింది, ఇక మన పెద్దల కాగితం ఏపాటిది? డిక్రీ లేకుండా మీ బావ ఇంకో పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు.

వాక్యమే దీపం: అన్నా, సెక్షన్లు సరే. బైబిల్లో మత్తయి 19 చదవండి, వ్యభిచారం తప్ప వేరే కారణం లేదు. కోర్టుకెక్కి సంఘం పరువు తీయడం ఎందుకు? పెద్దలు ఇంకోసారి కూర్చోబెడితే కలుస్తారేమో.

కావలి అక్క: కలపడానికి అతను సంబంధాలు చూసుకుంటున్నాడు గదయ్యా! 2001 దాకా చట్టం కూడా మీలాగే ఉండేది, కాదు, ఇంకా అన్యాయంగా ఉండేది. మొగుడికి భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే చాలు, ఆడదానికేమో దానికి తోడు హింసో, రెండేళ్లు వదిలెయ్యడమో కూడా రుజువు చేస్తేనే, పైగా జిల్లా కోర్టు తీర్పును హైకోర్టు ఖాయం చెయ్యాలి. ఇప్పుడు క్రూరత్వం, రెండేళ్లు వదిలెయ్యడం, మతం మారడం, ఏడేళ్లు ఆచూకీ లేకపోవడం, ఇట్టాంటివి ఇద్దరికీ సమానం.

అద్దంకి కుర్రోడు: కోర్టంటే ఏళ్లు పడుతుందక్కా. పేదోళ్లకి పెద్దల పంచాయితీయే గతి. ఇద్దరూ ఒప్పుకుని విడాకులు తీసుకోవాలంటే హిందువులకి ఏడాది విడిగా ఉంటే చాలు, మనకి రెండేళ్లెందుకు?

పెన్నా గట్టు: ఆ ప్రశ్న న్యాయమైందే. 2010లో కేరళ హైకోర్టు ఆ రెండేళ్లను ఏడాదిగా చదవాలంది, ఇక్కడైతే లాయరు ఆ తీర్పు చూపించి వాదించుకోవాల్సిందే. వీళ్లకి మూడేళ్లయింది కాబట్టి ఆ గొడవే లేదు. ఇద్దరూ కలిసి విడాకుల చట్టం 10ఏ సెక్షన్ కింద పిటిషన్ వెయ్యాలి, ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల లోపు మళ్లీ కోర్టుకొచ్చి అడగాలి. మధ్యలో అతను మాట మారిస్తే వదిలేశాడన్న కారణం మీద అక్క ఒక్కతే కేసు వెయ్యొచ్చు. కానీ ఆ కాగితంలో "ఇష్టపూర్వకంగా" అని ఉంది చూడు, ఆమే ఒప్పుకుంది అని అతని లాయరు దాన్నే పట్టుకుంటాడు. ఇంకే కాగితం మీదా సంతకం పెట్టనివ్వొద్దు.

వాక్యమే దీపం: ఎవరెన్ని చెప్పినా డిక్రీతో దేవుని ఎదుట ముడి తెగదు.

కావలి అక్క: మంచిది, ఆ మాట ముందు వాళ్ల బావకి చెప్పు. తమ్ముడూ, భరణం అదే కేసులో అడగండి, బంగారం లిస్టు కూడా రాసి పెట్టుకోండి.